ఎవరి ఉద్దేశం?

అనంతపురం చరిత్రను వానలెక్కలతో మొదలుపెట్టడం మనకు అలవాటు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, వేరుశనగ, వలస. ఈ కరువుసీమకు స్పానిష్ భాష ఎలా వచ్చిందన్నదీ చరిత్రే.

1920లో బార్సిలోనాలో పుట్టిన విసెంతె ఫెర్రర్ 1952లో జెసూట్‌గా భారతదేశం వచ్చారు. దేశం విడిచి వెళ్లమన్న ఆదేశంతో 1968లో మహారాష్ట్ర వదిలి, మరుసటేడు అనంతపురం చేరారు. ఆన్ పెర్రీతో కలిసి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టును నిలబెట్టారు. (ఆమె పేరు ఎప్పుడూ రెండోదిగానే ఎందుకొస్తుందో వేరే రాయాలి.) ఇక్కడి పిల్లల ఉత్తరాలు అనువాదమై స్పెయిన్ దాతలకు వెళ్లాయి. తర్వాత ట్రస్టు పెట్టిన విదేశీ భాషల బడిలో పల్లె పట్టభద్రులు స్పానిష్ నేర్చుకున్నారు, ఆడపిల్లలు కూడా.

ఆ భాషలో ఉద్దేశానికి మామూలు మాట ‘ప్రొపోసితో’. లాటిన్ మూలార్థం ‘ముందు ఉంచినది’. నన్ను ఆపింది అర్థం కాదు, దాని వెనక వచ్చే వ్యాకరణం. మన ‘చదవడానికి’ అందరికీ సరిపోతుంది: చదవడానికి వెళ్లింది, చదవడానికి డబ్బిచ్చారు. స్పానిష్‌లో ఆమె తన ఉద్దేశంతో తానే చదివితే ‘ప్రొపోసితో దె ఎస్తుదియార్’. ఆమె చదవాలని మరొకరు అనుకుంటే మధ్యలో ‘కె’ చేరి, క్రియ ‘ఎస్తుదియె’గా మారుతుంది. దాత ఉద్దేశం, తండ్రి ఉద్దేశం ఆమె ఉద్దేశంలో అంత తేలిగ్గా కలిసిపోవు.

స్త్రీల చదువు చరిత్రలో మనం కలిపేసింది ఈ రెంటినే. 1874లో ధవళేశ్వరంలో వీరేశలింగం బాలికల పాఠశాల పెట్టారని చదువుకున్నాం. పెట్టినవారి ఉద్దేశం తెలుసు. పలక పట్టుకుని వచ్చిన పిల్లలది?

దాతల ఉత్తరాలు తెలుగు చేసే అమ్మాయికి ‘కె’ ఉన్న వాక్యాలు బాగా అలవాటై ఉంటాయి. తన గురించి రాసుకునేటప్పుడు దాన్ని తీసెయ్యాలి.