సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఇంటి చేతిపనులు, బేకింగ్

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో ఇంటి చేతిపనులకు మూలం రెండు అవసరాలు: పాతదాన్ని పారేయకుండా మళ్లీ వాడుకోవడం, పండుగకు ఇల్లు సిద్ధం చేసుకోవడం. బొంత కుట్టడం, చేటకు కాగితపు గుజ్జు పూయడం, బతుకమ్మకు రంగులద్దడం, గిన్నెలో సర్వపిండి కాల్చడం ఇక్కడి పాత పనులు. కుట్టుమిషను, గ్యాస్ పొయ్యి, ప్రెషర్ కుక్కర్, ఓవెన్ వచ్చాక వీటి పక్కన జాకెట్ల కుట్టు, మగ్గం వర్క్, కాగితపు అలంకరణలు, కేకుల తయారీ చేరాయి. ఇంటి అవసరానికి మొదలైన పనుల్లో చాలావరకు గత నాలుగు దశాబ్దాల్లో ఆడవాళ్లకు ఎంతో కొంత ఆదాయం తెచ్చేవిగా మారాయి.

ఈ మూడు పట్టణాలూ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోవి. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట, కోదాడ కొత్త సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే ఉండిపోయింది. సూర్యాపేట, కోదాడ హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారి మీద ఉన్నాయి. కోదాడ దాటితే ఆంధ్రప్రదేశ్ సరిహద్దు దగ్గరే. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద వరి విస్తరించింది, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది. ఈ మార్పు వంటింటినీ తాకింది. అంతకుముందు జొన్న రొట్టె, సజ్జ రొట్టె నిత్యాహారంగా ఉన్న ఇళ్లలో బియ్యం, బియ్యప్పిండి, నూకలు సమృద్ధిగా దొరకసాగాయి.

గుడ్డ పని

గుడ్డ పనుల్లో అన్నిటికన్నా పాతది బొంత. వాడి వాడి మెత్తబడిన నూలు చీరలు, పంచెలు ఒకదాని మీద ఒకటి నాలుగైదు వరుసలు పరిచి, అంచులు మడిచి, పెద్ద సూదితో దూరదూరంగా కుట్లు వేస్తారు. కుట్టు అంచు నుంచి మొదలై లోపలికి చుట్టుకుంటూ వెళ్తుంది, లేదా నిలువు గీతలుగా సాగుతుంది. లోపల దూది ఉండదు కాబట్టి ఉతకడం తేలిక, ఆరడం తేలిక. పైన ఏ చీర వేయాలన్న దగ్గరే కుట్టేవారి అభిరుచి కనిపిస్తుంది. మిగిలిన పొరలు ఎలా ఉన్నా పై పొరకు గళ్ల చీరనో పెద్ద అంచు చీరనో ఎంచుకుంటారు. బాలింతకూ పసిబిడ్డకూ చిన్న బొంతలు కుట్టివ్వడం అమ్మమ్మల పనిగా ఉండేది. నూలు చీర పోయి పాలిస్టరు చీర రావడంతో బొంతకు సరుకే కరువైంది. జారిపోయే గుడ్డను పొరలుగా నిలపడం కష్టం, అది చెమటనూ పీల్చదు.

పనితనంలో బొంతకు ఎంతో పైమెట్టున నిలిచేది లంబాడీల కుట్టుపని. దామరచర్ల, మిర్యాలగూడ పరిసరాల్లోనూ సూర్యాపేట జిల్లాలోనూ వారి నివాసాలైన తండాలు ఎక్కువ. ఫేటియా (లంగా), కాంచళి (రవిక), తలమీది టుక్రీ అనే మూడు భాగాల దుస్తుల్ని ఆడవాళ్లు తామే కుట్టుకునేవారు. ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుడ్డముక్కలు అతికి, చుట్టూ దారంతో బిగించి అద్దాలు కూర్చి, గవ్వలు, నాణేలు, పూసలు వేలాడదీస్తారు. అద్దానికి రంధ్రం ఉండదు. ముందు దాని మీదుగా అడ్డంగా, నిలువుగా దారాలు లాగి పట్టు కుదుర్చుకొని, ఆ దారాలకే చుట్టూ కుట్టు వేసుకుంటూ వస్తే అంచు మూసుకుపోతుంది. ఒక్క దుస్తుకు నెలలు పట్టేది. పెళ్లికి ముందే పిల్ల తన బట్టలు కుట్టుకోవడం మొదలుపెట్టేది. ఇప్పుడు తండాల్లో ఈ దుస్తులు రోజూ కట్టేవారు ముసలివాళ్లే. తీజ్ పండుగకూ పెళ్లిళ్లకూ కట్టేవాటిలో మిషను మీద కుట్టినవే ఎక్కువ. అదే కుట్టు నగరంలో సంచుల మీద, దిండు గలీబుల మీద కనిపిస్తుంది. అక్కడ దాన్ని కొనేవారిలో ఎక్కువమందికి తండాతో పరిచయం లేదు.

ఉమ్మడి జిల్లాకు పేరు తెచ్చిన పోచంపల్లి ఇక్కత్, పుట్టపాక తేలియా రుమాలు ఈ కోవలోకి రావు. అవి మగ్గం మీద పద్మశాలీ కుటుంబాలు వృత్తిగా సాగించే నేత. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

బట్టలు కుట్టే వృత్తి మొదట మేర కులం వారిది. విదేశీ సింగర్ మిషన్ల తర్వాత 1930ల్లో కలకత్తాలో తయారైన ఉషా మిషన్లు బజారులోకి వచ్చాయి. క్రమంగా మిషను ఇళ్లకూ చేరి, ఆడవాళ్ల చేతికి వచ్చింది. బడిలో క్రాఫ్టు పీరియడు, ప్రభుత్వ పరీక్షల విభాగం నిర్వహించే టైలరింగ్–ఎంబ్రాయిడరీ లోయర్, హయ్యర్ సర్టిఫికెట్ పరీక్షలు దీనికి ఒక చదువు హోదా కల్పించాయి. హయ్యర్ పాసైతే క్రాఫ్టు టీచరు ఉద్యోగం వస్తుందన్న ఆశ చాలామంది ఆడపిల్లలను కుట్టు నేర్పే కేంద్రాలకు నడిపించింది. ఆ ఉద్యోగాలు కొద్దిమందికే దక్కాయి. మిగిలినవారు ఇంటి వసారాలో మిషను వేసుకొని జాకెట్లు, లంగాలు కుట్టారు, చీరలకు ఫాల్, పికో చేశారు. గ్రామీణ మహిళల కోసం 1982–83లో మొదలైన డ్వాక్రా పథకం, ఆ తర్వాత పెరిగిన పొదుపు సంఘాలు మిషను కొనడానికి అప్పు దొరికే దారి చూపాయి.

అదే కాలంలో కుట్లు, అల్లికలకు అలంకరణ వైపు ఒక మోజు వచ్చింది. కేస్‌మెంట్ గుడ్డ మీద హంసలు, నెమళ్లు, మ్యాటీ గుడ్డ మీద అడ్డకుట్టుతో ‘వెల్‌కమ్’ అక్షరాలు, క్రోషియాతో అల్లిన బల్ల గుడ్డలు, ప్లాస్టిక్ వైరు బుట్టలు, గుమ్మానికి పూసల తోరణాలు మధ్యతరగతి ఇళ్లను నింపాయి. రేడియోకూ తర్వాత టీవీకీ కుట్టుపూలు వేసిన ముసుగు ఉండాల్సిందే. ఇవాళ నవ్వు తెప్పించినా, ఆ టీవీ ముసుగులే ఒక తరం ఆడవాళ్ల పనితనాన్ని పదిమందీ చూసే ముందుగదిలో నిలబెట్టాయి. 2000 తర్వాత ఆ స్థానం మగ్గం వర్క్‌కు వచ్చింది. చట్రానికి బిగించిన జాకెట్ గుడ్డ మీద ఆరీ సూదితో జరీ, పూసలు, కుందన్లు కుట్టే ఈ పని పెళ్లిళ్ల కాలంలో రాత్రింబవళ్లు సాగుతుంది. చీర కొంగుకు కుచ్చులు వేయడం దానికి అనుబంధంగా పెరిగింది.

కాగితం పని

నిజాం రాజ్యంలో కోయిలకొండ, కోరుట్ల వంటి చోట్ల చేతి కాగితం తయారయ్యేది. సూర్యాపేట, మిర్యాలగూడ ఇళ్లలోని కాగితం పని ప్రధానంగా వాడిన కాగితాన్ని మళ్లీ పనికి తేవడమే. వెదురు చేట కొత్తగా కొన్నప్పుడు సందుల్లోంచి నూకలు, పిండి కారిపోతాయి. దానికి మందు కాగితపు గుజ్జు. పాత నోటుపుస్తకాలు, వార్తాపత్రికలు చించి రెండు మూడు రోజులు నీళ్లలో నానబెడతారు. మెంతులు వేరుగా నానబెడతారు. రెండిటినీ కలిపి రోట్లో మెత్తగా రుబ్బితే జిగురు పట్టిన ముద్ద తయారవుతుంది. దాన్ని చేటకు లోపలా బయటా పలుచగా పూసి, తడిచేత్తో నునుపు చేసి ఎండబెడతారు. మెంతులు జిగురును ఇస్తాయి, వాటి చేదు పురుగును దూరంగా ఉంచుతుంది. ఇదే ముద్దను బోర్లించిన గిన్నె మీద పరిచి, ఆరాక ఊడదీస్తే బుట్ట వస్తుంది. పప్పులు, ఎండుమిర్చి దాచుకోవడానికి, వడియాలు పోసుకోవడానికి అది చాలు. నీళ్లు తగిలితే మాత్రం పనికిరాదు. వరి పండే ఈ ప్రాంతంలో చేట లేని ఇల్లు ఉండేది కాదు, కాబట్టి ఏటా ఎండాకాలంలో ఈ పని తప్పేది కాదు. ప్లాస్టిక్ చేటలు, డబ్బాలు వచ్చాక ఇది దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు ఇదే పద్ధతిని పట్టణాల్లో పేపర్ మాషే పేరుతో ఫీజు కట్టి నేర్చుకుంటున్నారు.

పండుగల కాగితం వేరు. వినాయక చవితి మండపానికి రంగు కాగితాల తోరణాలు, సంక్రాంతికి పతంగులు, పెళ్లి పందిరికి చమ్కీ కాగితపు జాలర్లు మైదా జిగురుతో అతికేవారు. తంగేడు, గునుగు పూలతో పేర్చే బతుకమ్మలో తెల్లటి గునుగు కొసలను రంగునీళ్లలో ముంచడం పిల్లలకు ఇష్టమైన పని. పూలు చాలినన్ని దొరకని పట్టణాల్లో కాగితపు పూల బతుకమ్మలూ వచ్చాయి. తంగేడు లేనిదే బతుకమ్మ ఏమిటని పెద్దవాళ్లు పెదవి విరుస్తారు. 2014లో తెలంగాణ ఏర్పడి బతుకమ్మ రాష్ట్ర పండుగ అయ్యాక, బడుల్లో, కార్యాలయాల్లో పోటీల కోసం ఇలాంటివి మరింత పెరిగాయి. సన్నటి కాగితపు పట్టీలను చుట్టి చేసే క్విల్లింగ్ జుంకాలు, ఓణీల ఫంక్షను పళ్లేల అలంకరణ, శుభలేఖల పెట్టెలు ఈ మధ్యకాలపు చేర్పులు.

ఓవెన్‌కు ముందు, ఓవెన్ తర్వాత

పాత తెలుగు వంటింట్లో ఓవెన్ లేదు గానీ పొడి వేడి మీద నిదానంగా కాల్చే విద్య ఉంది. సర్వపిండి దీనికి మంచి ఉదాహరణ. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, ఉల్లిపాయ, కారం, కరివేపాకు వేసి కలిపి, నూనె రాసిన గిన్నె లోపలి గోడకు చేత్తో పలుచగా ఒత్తుతారు. వేలితో అక్కడక్కడా రంధ్రాలు చేసి నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఉంచుతారు. అడుగు ఎర్రగా కరకరలాడుతుంది, పైభాగం మెత్తగా ఉంటుంది. గిన్నప్ప, తపాలచెక్క అన్నవి దీనికే ఊరూరా ఉన్న పేర్లు. సరిహద్దు అవతలి కోస్తా ఇళ్లలో మినప దిబ్బరొట్టెకు కిందా పైనా నిప్పులు పెట్టి కాల్చేవారు. పేలాలు, మరమరాలు వేయించేవారికి వేడి ఇసుక వాడకం తరతరాలుగా తెలుసు. తర్వాత కుక్కర్ కేకుకు పనికొచ్చింది కూడా ఈ కిటుకే: మూతపెట్టిన పాత్ర, అడుగున ఇసుక, సన్నటి సెగ.

మైదా, బ్రెడ్డు బయటి నుంచి వచ్చాయి. గోధుమ ఇక్కడి పంట కాదు. చాలాకాలం వరకు బ్రెడ్డు జ్వరం వచ్చినవారి ఆహారం. బంధువు బ్రెడ్డు ప్యాకెట్టుతో వచ్చాడంటే ఇంట్లో ఎవరికో బాగాలేదని అర్థం. బేకరీ రుచులు హైదరాబాదు నుంచి రోడ్డు వెంట వచ్చాయి. ఇరానీ హోటళ్ల ఉస్మానియా బిస్కట్లు, 1953లో మొదలైన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కట్లు నగరం వెళ్లొచ్చినవారి సంచుల్లో ఉండేవి. ఆ తర్వాత తెలుగు పట్టణాల్లో బెంగళూరు అయ్యంగార్ బేకరీ బోర్డులు వెలిశాయి. ఎగ్ పఫ్, దిల్‌పసంద్, వనస్పతి క్రీము పూసిన పుట్టినరోజు కేకు వీటితోనే అలవాటయ్యాయి.

ఇంటి కేకుకు మరో దారి క్రిస్మస్. అమెరికన్ బాప్టిస్టు మిషను 1890లో నల్లగొండలో, 20వ శతాబ్దం ఆరంభంలో సూర్యాపేటలో కేంద్రాలు పెట్టింది. నల్లగొండ కతోలిక మేత్రాసనం 1976లో ఏర్పడింది. అయితే ఈ ప్రాంతపు క్రైస్తవుల క్రిస్మస్ పళ్లెంలో కేకు కంటే ముందు నుంచీ ఉన్నవి గరిజెలు, అరిసెలు, గులాబీ పువ్వులు. కాగిన నూనెలో వేడెక్కించిన ఇనుప అచ్చును పలుచటి పిండిలో ముప్పాతిక వరకే ముంచి, మళ్లీ నూనెలో పెట్టి విదిలిస్తే గులాబీ పువ్వు ఊడి వస్తుంది. అచ్చు పూర్తిగా మునిగితే పిండి పైన కప్పేసి ఊడదు.

గ్యాస్ పొయ్యి ఇంటింటికీ చేరడంతో కథ మారింది. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన దీపం పథకం పేద మహిళలకు గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. సెగ తగ్గించుకునే వీలు కలగడంతో కుక్కర్ కేకు వ్యాపించింది. కుక్కర్ అడుగున రెండంగుళాల మందాన ఉప్పో ఇసుకో పోసి, మూత రబ్బరు, విజిల్ తీసేసి, పది నిమిషాలు వేడిచేసి, లోపల పిండి గిన్నె పెడతారు. ముప్పావు గంట తర్వాత పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. టూటీఫ్రూటీకి పొడి మైదా పట్టిస్తే అడుక్కి దిగదు. నీళ్లు లేకుండా కాగితే కుక్కర్ పాడవుతుంది కనుక పాత కుక్కరొకటి దీనికే కేటాయించేవారు. గుడ్డు తినని ఇళ్లలో పెరుగు, వంటసోడా లేదా మిల్క్‌మెయిడ్ ఆ లోటు తీర్చాయి.

2016లో జియో మొబైల్ సేవల రాకతో ఫోన్ డేటా చవకైంది. వంటల పుస్తకం చేయలేని పని యూట్యూబు చేసింది: పిండి ఎంత జారుగా ఉండాలో కళ్లకు చూపింది. 2020 మార్చి 25 నుంచి సాగిన లాక్‌డౌన్‌లో బేకరీలు మూతపడగా పుట్టినరోజులు ఆగలేదు. అప్పుడు ఇంట్లో కేకు చేసినవారిలో కొందరు ఓటీజీ ఓవెన్, బీటరు, తిరిగే బల్ల కొని ఆర్డర్లు తీసుకోవడం మొదలుపెట్టారు. వాట్సాప్ స్టేటస్సే వారికి దుకాణం. ఆగస్టు రాఖీ నుంచి డిసెంబరు 31 వరకు గిరాకీ బాగుంటుంది. సంక్రాంతికి మాత్రం ఓవెన్ పక్కకు వెళ్లి, నూలుగుడ్డ మీద చేత్తో చుట్లు తిప్పే సకినాలకు ఆర్డర్లు వస్తాయి. తిప్పే చేయి దొరకడం అరుదైపోవడంతో వాటికి మంచి ధర పలుకుతోంది.

కుట్టు, కాగితం పనులకు లేని ఒక నిబంధన తినుబండారాలకు ఉంది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లో వచ్చి 2011 ఆగస్టు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద 2011లో తెచ్చిన నియమాలు ఏడాదికి రూ.12 లక్షలకు మించని అమ్మకాలున్న చిన్న తయారీదారులకు, ఇంట్లో చేసి అమ్మేవారితో సహా, లైసెన్సు బదులు ఏడాదికి రూ.100 రుసుముతో రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి.