వార్సా చిత్రకారులకు ఓనమాలు దిద్దించిన గెర్సన్

1831 వేసవిలో పోలిష్ చిత్రకారుడు వొయిచెఖ్ గెర్సన్ పుట్టేనాటికి వార్సాలో రష్యా జారు ప్రభుత్వంపై తిరుగుబాటు నడుస్తోంది. పసివాడికి మూడు నెలలు నిండకముందే నగరం రష్యా సైన్యం వశమైంది. దాదాపు డెబ్బై ఏళ్ల ఆయన జీవితం చాలావరకు ఆ పరాయి పాలనలోనే గడిచింది.

వార్సాలో, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో చదివి, పారిస్‌లో చిత్రకారుడు లియోన్ కోన్యే దగ్గర చెయ్యి సానబెట్టుకుని 1858లో సొంత ఊరు చేరాడు. రెండేళ్లకే కొందరితో కలిసి ‘జహెంతా’ అనే లలితకళల ప్రోత్సాహక సంఘాన్ని స్థాపించాడు. జారు పాలనపై 1863లో రేగిన మరో తిరుగుబాటు అణగారిపోయాక ప్రభుత్వం నగరంలోని లలితకళల పాఠశాలను మూసేసింది. దాని స్థానంలో మిగిలింది ఒక చిత్రలేఖన తరగతి మాత్రమే. అందులో గెర్సన్ 1872 నుంచి 1896 దాకా పాఠాలు చెప్పాడు. సొంత స్టూడియోలోనూ నేర్పాడు. లియొనార్డో డా వించి చిత్రకళా గ్రంథాన్ని పోలిష్‌లోకి తెచ్చాడు.

ఆయన శిష్యగణాన్ని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. గుర్రాల పరుగును కాన్వాసు మీదికి తెచ్చిన హెల్మోన్‌స్కి, తర్వాత క్రాకోలో ఆచార్యుడైన వీచుల్కోవ్‌స్కి ఆయన దగ్గర నేర్చుకున్నవారే. ఆడపిల్లలకు లలితకళల పాఠశాలల తలుపులు మూసి ఉన్న రోజుల్లో అన్నా బిలిన్‌స్కాకు ఆయన పాఠం చెప్పాడు. 1887లో ఆమె గీసుకున్న స్వీయచిత్రం చూడండి: నల్లని దుస్తుల మీద పనిలో కట్టుకునే ఏప్రన్, చేతుల్లో రంగుల పలక, కుంచెలు, చెదిరిన జుట్టు. అలంకారం ఏమీ లేదు, పనిచేసే మనిషి పట్టుదల తప్ప.

గెర్సన్ నేర్పింది కచ్చితమైన రేఖ. శిష్యులు పాంకియెవిచ్, పొద్కోవిన్‌స్కి మాత్రం పారిస్ వెళ్లి, గీత కన్నా వెలుగుకూ రంగుకూ ప్రాధాన్యమిచ్చే ఇంప్రెషనిజం పట్టుకొచ్చారు. 1894లో పొద్కోవిన్‌స్కి తన భారీ చిత్రం ‘ఉన్మాదావేశం’ను ప్రదర్శించింది గురువు స్థాపించిన జహెంతాలోనే. నల్లగుర్రం మెడను వాటేసుకున్న నగ్న స్త్రీని చూడటానికి జనం విరగబడ్డారు. ప్రదర్శన ముగియబోతుండగా చిత్రకారుడే కత్తితో ఆ స్త్రీ రూపాన్ని చీల్చేశాడు. మరుసటి ఏడాది ఆరంభంలో, ముప్పై నిండకుండానే, కన్నుమూశాడు. అతుకులు వేసిన ఆ చిత్రం ఇప్పుడు క్రాకోలో ఉంది.

ఇక గురువు సొంత చిత్రాల సంగతికొస్తే, గెర్సన్ గీసిన రాజుల కథలు నాకు బిగుసుకుపోయినట్టు కనిపిస్తాయి. పోలండ్ దక్షిణాన ఉన్న తత్రా పర్వతాలను గీసేటప్పుడు మాత్రం ఆయన చెయ్యి స్వేచ్ఛగా కదిలింది. 1901లో పోయిన ఈ గురువును తెలుసుకోదలచినవారు ముందుగా ఆ కొండల చిత్రాలు, అందులోనూ 1894 నాటి ‘కొండల్లో శ్మశానం’, చూడాలి.