బూడిదదిబ్బయు సూక్ష్మదర్శినియు

కృష్ణా తుంగభద్రల నడిమి సీమయందును, దాని చుట్టుపట్ల బళ్లారి, అనంతపురము ప్రాంతములయందును పొలముల మధ్య బూడిదదిబ్బలు కొన్ని కానవచ్చును. బళ్లారి కడ కుడతినిలోని దిబ్బ యింటికంటె నెత్తైనది. భీమసేనుడు చంపిన హిడింబాసురుని దహించిన చోటు అదియేనని జనులు చెప్పుకొనెడివారు. పందొమ్మిదవ శతాబ్దమున దానిని చూచిన దొరలలో కొందరు తొలుత అగ్నిపర్వతము గ్రక్కిన చిట్టెమనుకొనిరి. ఈ యిరుతెగలవారును దిబ్బను చూచిరే కాని బూడిదను చూడలేదు. రాబర్టు బ్రూసు ఫూటు మాత్రము ఇది పశువుల పేడ కాలగా మిగిలినదని ఊహించెను. భస్మమును నుదుట ధరించు మనకు ఆ యూహ ముందుగా తట్టకపోవుట వింతయే.

1957లో ఆల్చిను అప్పటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించెను. గుంజలు పాతిన గుంటలును, బూడిదపొరలలో పశువుల గిట్టల ముద్రలును బయల్పడెను. అది నవీనశిలాయుగపు పశువుల దొడ్డియనియు, పలుమార్లు కాలినదనియు ఆయన నిర్ణయించెను. 1960లో జోయినరు బళ్లారి మండలపు దిబ్బల బూడిదను ప్రయోగశాలలో పరీక్షించి పేడయే యనెను. పిమ్మట ఆచార్య కె. పద్దయ్య కర్ణాటకములోని బుదిహాళునందు దిబ్బ ప్రక్కనే జనులు కాపురమున్న యిండ్లను కనుగొనెను. గోష్ఠి యను మాట గోష్ఠమునుండి, అనగా పశువుల కొట్టమునుండి, పుట్టినదని చదువుకొన్న మాబోంట్ల కిది యెంత ప్రీతికరమో చెప్పనక్కరలేదు.

అయినను ప్రశ్న యింకను మిగిలియున్నది. పేడ అక్కడనే పడి, పశువులచే త్రొక్కబడి కాలెనా? వేరొకచోటనుండి తెచ్చి కుప్పవోసి కాల్చిరా? సంచిలో తెచ్చిన పొడి దీనికి ఉత్తరము చెప్పజాలదు. పొడిచేసినప్పుడే అమరిక నశించును. కావున మన్నును కదలింపక, చిన్న రేకుపెట్టెను గోడలోనికి నొక్కి, అచ్చుగా కోసి తీయవలెను. పైవైపు ఏదో గుర్తు వ్రాయుట మరచినచో శ్రమ యంతయు వ్యర్థము. ఆ దిమ్మెను ఆరబెట్టి, ద్రవరూపమైన రెసినుతో తడిపి, రాయివలె గట్టిపడిన పిదప కోసి, గాజుపలకకు అంటించి, 0.03 మిల్లీమీటరు మందము వచ్చువరకు అరగదీయుదురు. ధ్రువితకాంతిలో పలుగురాతి రేణువులు తెల్లగనో బూడిదవన్నెగనో కనబడినచో మందము సరిపోయినది. పసుపువన్నె కనబడినచో ఇంకను అరగదీయవలెను.

రాళ్లను ఇట్లు పరీక్షించు విద్య సోర్బీ నాటిది. మన్నునకు దానిని అన్వయించిన క్యుబియేనా గ్రంథము 1938లో వెలువడెను. పురావస్తుశాస్త్రమునకై కూర్టీ, గోల్డుబెర్గు, మాక్‌ఫెయిలు 1989లో గ్రంథము రచించిరి. త్రొక్కుడుపడిన పేడలో గడ్డినుండి వచ్చిన సైకతకణములు ఒకదానిపై నొకటి అడ్డముగా పరుచుకొని, పలుచని పొరలుగా నుండును. కుప్పవోసినదానిలో ఆ వరుస చెదరును. పేడలో స్ఫెరులైటులను అతిసూక్ష్మమైన సున్నపు గోళములు కూడ నుండవచ్చును. ధ్రువితకాంతిలో ఒక్కొక్కదానిపై నల్లని శిలువ కనబడును. సుమారు 700 డిగ్రీలు మించిన వేడిమికి ఇవి నిలువవు. కనుక ఇవి లేనంతమాత్రమున పేడ లేదనరాదు.

ఇది నేర్చుకొనవలెనని నాకును బుద్ధిపుట్టెను. రెసినును కోతయంత్రమును నాకెక్కడివి! మా బడి సూక్ష్మదర్శినికి, చెడిపోయిన గణనయంత్రములనుండి ఊడదీసిన రెండు పోలరాయిడు రేకులను అమర్చి, మాయింటి పొయ్యిలోని పిడకల బూడిదను నీటిచుక్కలో కలిపి చూచితిని. చీకటిలో తళతళలాడు గుండ్రని కణములు, వానిపై నల్లని శిలువలు! సంతోషము పట్టలేక పిల్లల నందరిని పిలిచి చూపితిని. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె చూచి, “మాస్టారూ, ఇది రొట్టెలు కాల్చిన పొయ్యి గదా, జొన్నపిండి రాలలేదా?” అని యడిగెను. అయొడిను చుక్క వేయగా నా స్ఫెరులైటు లన్నియు నీలివన్నె దాల్చెను. పిండికణములకును అట్టి శిలువయే యుండునని నేను చదివియుంటిని. చదివినది ఆ క్షణమున అక్కరకు రాలేదు. ఇరువదియేండ్లుగా ప్రమాణము, ప్రమేయము అని పాఠము చెప్పుచున్న నాకు ఆ గడియలో తలవంపు కలిగెను. మరునాడు ఊరిబయట పెంటకుప్ప కాలిన చోటినుండి బూడిద తెచ్చి చూచితిమి. ఆమాఱు శిలువలు కొద్దిగా కనబడెను. అయొడినుకు రంగు మారలేదు. వినెగరు తగులగానే చిన్నచిన్న బుడగలు విడిచి కరగిపోయెను. ఆ బాలికయే ముందు చూచి లెక్కపెట్టెను.

దిబ్బలను మాత్రము మరల తెచ్చుకొనలేము. పొలములకు ఎరువుగా వానిని త్రవ్వి బండ్లపైని తరలించుట చిరకాలమునుండి జరిగినది. రైతును నిందింపను, బూడిద చేనికి మంచిదని అతనికి తెలియును, అందులోని పొరల సంగతి అతనికి చెప్పినవా డెవడు? గోడ నిలిచియున్నంతవరకే రేకుపెట్టెను నొక్కుటకు వీలు కలదు. అనంతపురము జిల్లా పాలవాయివద్ద కూడ ఇట్టి దిబ్బ కలదు. వేసవి సెలవులలో ఆ బాలికను, మఱి నలుగురిని వెంటబెట్టుకొని చూడబోవుచున్నాము. త్రవ్వుటకు కాదు, పొరలను బొమ్మగీయుటకు.