పెరటి దీపం, శలభాల పేర్లు

ముత్తియాల్‌పేటలో మీ ఇంటి వెనుక చిన్న పెరడు ఉంటే చాలు. అమావాస్య దగ్గరి రాత్రి ఒక తెల్ల దుప్పటి కట్టి, దాని ముందు దీపం పెట్టండి. కాసేపటికి రెక్కల పురుగులు వచ్చి వాలుతాయి. ఇవే శలభాలు. దీపం మీద మోజుతో వస్తాయని మనం అనుకుంటాం. కానీ ఎగిరేటప్పుడు అవి వెలుతురు వైపు వీపు తిప్పుతాయని, అందుకే దీపం చుట్టూ చిక్కుకుపోతాయని 2024లో వెలువడిన పరిశోధన తెలిపింది.

పట్టడం సులువే. పేరు చెప్పడమే కష్టం. ఈ కష్టం వెనుక ఒక చరిత్ర ఉంది.

లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ 1768లో ఈ తీరంలోనే, దక్షిణాన ఉన్న తరంగంబాడికి వైద్యుడిగా వచ్చాడు. 1785లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో మరణించాడు. ఆయన సేకరించిన కీటకాలు ఐరోపా చేరితే, ఫాబ్రిషియస్ వాటిని వర్ణించి పేర్లు పెట్టాడు. అయితే ఫాబ్రిషియస్ ముందున్నవి ఎండిన రెక్కలు. ఆ పురుగు ఏ ఆకు తిని పెరిగిందో రెక్కలు చెప్పవు.

ఆకు నుంచి మొదలుపెట్టినవారూ ఉన్నారు. పుదుచ్చేరి వృక్షోద్యానాన్ని నడిపి, 1870లో ఇక్కడే కన్నుమూసిన పెరోతె అలాంటివాడు. యాంటిలిస్ దీవుల్లో కాఫీ ఆకులను తొలిచే చిన్న శలభాన్ని గురించి, గెరాన్ మెనెవిల్‌తో కలిసి 1842లో ఒక గ్రంథం ప్రచురించాడు. పంట నష్టమే ఆయనను ఆ పురుగు దగ్గరకు నడిపించింది.

ఆ తరువాత, నీలగిరిలో తేయాకు తోటల్లో పనిచేసిన హాంప్సన్ 1892 నుంచి 1896 వరకు నాలుగు సంపుటాలలో బ్రిటిష్ ఇండియా శలభాలను వర్ణించాడు. అప్పుడు పుదుచ్చేరి ఫ్రెంచివారిది. శలభాలకు ఆ సరిహద్దు లేదు గనుక, ఆ సంపుటాలు ఇక్కడి పెరడుకూ పనికివచ్చాయి.

ఇప్పుడు మీ దుప్పటిని చూడండి. ఆకుపచ్చ చారలతో పెద్ద శలభం వాలిందా? ఉదయం గన్నేరు, నందివర్ధనం కొమ్మలు వెతకండి. తోక దగ్గర కొమ్మున్న గొంగళి కనిపించవచ్చు. 1758లో లిన్నేయస్ దీనికి గన్నేరు పేరే పెట్టాడు. నల్లని వెనుక రెక్కల మీద తెల్ల మచ్చలున్నాయా? అది బహుశా మన రైతు ఆముదం చేలో చూసే దాసరి పురుగు తల్లి. రైతుకు గొంగళి తెలుసు, పుస్తకానికి రెక్క తెలుసు. రెండూ ఒకే ప్రాణి అని కలిపి చెప్పగలిగేది పెరట్లో ఓపికగా చూసే మీరే.

కనుక ఫొటో తీసుకోండి. తేదీ, వేళ, దగ్గరున్న మొక్క రాసుకోండి. తెలియనిదాన్ని తెలియదనే రాయండి. తెల్లవారకముందే దీపం ఆర్పి, కాకుల కంట పడకుండా వాటిని ఆకుల చాటున వదలండి. కోనిగ్ నమూనాల్లో దొరకని సంగతి మీ నోటుపుస్తకంలో దొరుకుతుంది.