మహబూబ్‌కీ నగర్‌కీ మధ్య

మహబూబ్‌నగర్ అని తెలుగులో సరిగ్గా టైపు చేస్తే కంప్యూటర్ లోపల పదకొండు సంకేతాలు పడతాయి. మ, హ, బ, కొమ్ముదీర్ఘం, బ, పొల్లు, న, గ, ర, పొల్లు. ఇవి పది. పదకొండోది మొదటి పొల్లుకీ 'న'కీ మధ్య ఉంటుంది. దానికి రూపం లేదు, వెడల్పు లేదు, ఉచ్చారణ లేదు. జీరో విడ్త్ నాన్‌జాయినర్ అంటారు, అంటే పక్క అక్షరాలను అతుక్కోనివ్వని గుర్తు. అది తీసేస్తే 'బ' కింద న-వత్తు వేలాడి 'మహబూబ్నగర్' అవుతుంది.

ఈ తిప్పలు ఆ ఊరికి పుట్టుకతో వచ్చినవి కావు. అది పాలమూరుగా ఉన్నన్నాళ్లూ పేరులో చీలిక లేదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో మహబూబ్‌నగర్ అయింది. నాకు వింతగా అనిపించేదేమంటే, అప్పటి సర్కారు రాత అయిన ఉర్దూలో కూడా సరిగ్గా అదే చోట అదే చిక్కు ఉంది. ఉర్దూ లిపిలో 'బే' తన తర్వాతి అక్షరాన్ని పట్టుకుంటుంది, 'నూన్' కూడా పట్టు ఇస్తుంది. మధ్యలో ఖాళీ వదలకపోతే రెండూ కలిసిపోతాయి. అందుకని బే దగ్గర ఆపి, నూన్‌తో మళ్లీ మొదలుపెట్టాలి. ఏ సంబంధమూ లేని రెండు లిపులు ఒకే పేరులో ఒకే చోట ఊపిరి తీసుకోమంటున్నాయి. నాగర్‌కర్నూల్‌కు ఉర్దూలో ఈ బాధ లేదు, 'రే' ఎట్లాగూ తర్వాతి అక్షరాన్ని పట్టుకోదు. తెలుగులో మాత్రం ఆ ఊరికీ కనపడని గుర్తు కావాల్సిందే.

మన పాత రాతలో అసలు ఖాళీలే లేవు కదా. పానగల్లులో, పిల్లలమర్రిలో, అలంపురంలో శాసనం ముందు నిలబడితే అక్షరాలు రాయి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా వరసగా నడుస్తాయి. పదం ఎక్కడ ముగిసిందో చదివేవాడు తేల్చుకోవాలి. తాటాకుల్లోనూ అంతే. నల్లగొండ జిల్లా శాసనాలను 1990లలో పి.వి. పరబ్రహ్మశాస్త్రి సంపాదకత్వంలో పురావస్తు శాఖ సంపుటాలుగా వేసింది. అటువంటి పనిలో అక్షరాలు పోల్చుకోవడం సగమే, పదాలు విడదీయడం మిగతా సగం. ఖాళీ ఎక్కడ పెట్టామన్నదే ఒక వ్యాఖ్యానం. 'మావిడాకులు' జోకు అందరికీ తెలిసిందే: ఖాళీ లేకుంటే గుమ్మానికి తోరణం, 'మా' తర్వాత పెడితే కోర్టు కాగితం.

యూరప్‌లో పదాల మధ్య ఎడం ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటి ఐర్లండ్ సన్యాసులతో బలపడిందని చరిత్రకారులు చెప్తారు. వాళ్లకు లాటిన్ పరాయి భాష, విడదీసి రాసుకుంటే తప్ప అర్థమయ్యేది కాదు. మనకు అది అచ్చుతోపాటు స్థిరపడింది. అయినా సంధి ఒప్పుకోదు. 'వాడెక్కడ' అన్న మాటలో ఖాళీ ఎక్కడ పెడతారు?

కంప్యూటర్‌కు మాత్రం ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు, అదీ ఒక అక్షరమే. ఆస్కీ పట్టికలో దాని నంబరు 32, పదహారు అంకెల లెక్కలో 20. వెబ్ చిరునామాల్లో కనిపించే %20 అదే. టిమ్ బెర్నర్స్-లీ, మరో ఇద్దరు కలిసి 1994 డిసెంబరులో రాసిన నియమాల్లో ఖాళీని 'సురక్షితం కాని' అక్షరాల్లో చేర్చారు. చేత్తో ఎక్కించుకునేటప్పుడో అచ్చువేసేటప్పుడో ఉన్న ఖాళీ పోవచ్చు, లేనిది రావచ్చు అని వాళ్ల భయం. శాసనం చదివేవాళ్లకు బాగా తెలిసిన భయమే.

ఫైళ్ల పేర్ల కథ ఇంకొంచెం తమాషా. డాస్ రోజుల్లో పేరుకు ఎనిమిది అక్షరాలే. ఇంగ్లిషులో నల్గొండ సరిగ్గా ఎనిమిది! మహబూబ్‌నగర్ పదకొండు. 1995లో విండోస్ 95 పొడవు పేర్లనూ ఖాళీలనూ రానిచ్చింది. కానీ పాత ప్రోగ్రాముల కోసం లోపల ఒక పొట్టి పేరు దాచుకునేది: మొదటి ఆరు అక్షరాలు, ఒక వంకర గీత, ఒక అంకె. ఆ లెక్కన మన జిల్లా 'మహబూబ్~1'. నగరం పోయి నవాబు మిగిలాడు.

తెలుగులో చిరునామా రాస్తే ఇంకో భారం. ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకు శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. నల్లగొండలో ఎనిమిది సంకేతాలు, అంటే 72 అక్షరాలు. మహబూబ్‌నగర్ కనపడని గుర్తుతో 99, మామూలు ఖాళీతో 93, రెండూ లేకుండా 90. వాట్సాప్‌లో ఎవరో పంపిన తెలుగు లింకు పాములాగా స్క్రీనంతా పాకేది ఇందుకే.

డొమైన్ పేర్లలోనైతే %20 కూడా చెల్లదు. అక్కడ ఖాళీ అన్నదే నిషిద్ధం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు ఖాళీలున్న పేర్లు వచ్చాయి: జోగులాంబ గద్వాల, యాదాద్రి భువనగిరి. వాటి సర్కారు వెబ్‌సైట్ల చిరునామాలు చూడండి. ఒకటి ఉత్త 'గద్వాల్', రెండోది ఉత్త 'యాదాద్రి'. ఒకచోట అమ్మవారు పోయి ఊరు మిగిలింది, ఇంకోచోట ఊరు పోయి దేవుడి కొండ మిగిలింది. రెండు మాటలూ కలిపి రాయొచ్చు, అడ్డగీత పెట్టొచ్చు. అయినా పేరు కుదించడమే సులువనుకున్నట్టున్నారు.

ఇతర భాషల డొమైన్లకు 2003లో వచ్చిన నియమాలు ఆ కనపడని గుర్తును చప్పుడు లేకుండా తుడిచేసేవి. ఆ లెక్కలో మన ఊరు న-వత్తుతోనే ఉండాలి. 2010లో సవరించి, పొల్లు తర్వాత వస్తే ఉండనిచ్చారు. ఏడేళ్లు పట్టింది.

ఇదంతా నాకెందుకంటే, ఈ రెండు జిల్లాల పాత పుస్తకాల, శాసన పాఠాల స్కాన్లు పోగేస్తుంటాను. మిత్రులు తలా ఒక పేరుతో పంపుతారు: ఖాళీతో, కింది గీతతో, కనపడని గుర్తుతో, అతికించేసి. విండోస్‌కైనా లినక్స్‌కైనా ఇవి వేర్వేరు పేర్లే. ఒకటి వెతికితే మిగతావి రావు. వెతికిన పిల్లలు దొరకలేదు అనరు, లేదు అంటారు. నల్లగొండ సంపుటం క్షణంలో వస్తుంది, పాలమూరుది రాదు. ఆ జిల్లా మీద ఎవరూ రాయలేదని ఒక పరిశోధక విద్యార్థి నాతో అన్నప్పుడు నా దగ్గరే ఉన్న ఇరవై ఫైళ్లు పంపాను.

ఇప్పుడు నేను ఉత్త 'మహబూబ' అని కొట్టి వెతుకుతున్నాను. పొల్లు దాకా పోకుండా ఆగితే అన్ని రూపాలూ వస్తాయి. వాటితో పాటు వరంగల్లు వైపున్న మహబూబాబాద్ కూడా వస్తుంది. దాన్ని చేత్తో ఏరేస్తుంటాను.