సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (1909 ఆగష్టు 17 - 1963 జూన్ 11) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. రహీం సాబ్‌గా పేరుపొందిన ఇతడు 1950 నుండి మరణించేవరకు హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు, అదే కాలంలో పలుమార్లు భారత జట్టుకు శిక్షణ ఇచ్చాడు. ఇతని శిక్షణలో భారతదేశం 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు గెలుచుకుంది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది.

శిక్షణ విధానం

రహీం వృత్తిరీత్యా ఉపాధ్యాయుడు. మైదానంలోనూ క్రమశిక్షణకు, నిత్య సాధనకు ప్రాధాన్యమిచ్చాడు. బంతిని ఎక్కువసేపు తమవద్దే ఉంచుకొనే అలవాటును మాన్పించడానికి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీలను, రెండు కాళ్ళతోనూ ఆడటం నేర్పడానికి బలహీనమైన కాలితోనే తన్నవలసిన పోటీలను నిర్వహించాడు. దీనివలన వ్యక్తిగత నైపుణ్యం జట్టు ఆటలో భాగమైంది. సిటీ పోలీస్ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలుచుకుంది.

1952 హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లేవియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. అప్పటికి భారత ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండానే ఆడేవారు. ఆ పరాజయం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. హంగేరీ జట్టు ఆటతీరును పరిశీలించిన రహీం, పాత అమరికలను మార్చి, 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4-2-4 తరహా ఆటను మన ఆటగాళ్ళకు అలవాటు చేశాడు.

ఆటగాళ్ళపై ప్రభావం

సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో పేద కుటుంబంలో జన్మించిన తులసీదాస్ బలరాం (1936-2023) ప్రతిభను తొలుత గుర్తించినవారిలో రహీం ముఖ్యుడు. బలరాం 1956, 1960 ఒలింపిక్ క్రీడలలో ఆడాడు. 1960లో రోమ్‌లో హంగేరీ, పెరూ జట్లపై గోల్స్ చేశాడు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాంల ముందువరుస భారత ఫుట్‌బాల్‌లో అత్యుత్తమమైనదిగా పేరుపొందింది. ముగ్గురూ గోల్స్ చేయగలవారే అయినా ఒకరికొకరు బంతిని అందిస్తూ ఆడటం ఈ వరుస బలం.

1962 జకార్తా

ఈ పోటీలలో భారత్ తొలి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. తరువాతి ఆటలో రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం అతనిని పక్కన పెట్టకుండా సెమీ ఫైనల్, ఫైనల్ ఆటలలో ముందువరుసలో ఆడించాడు. సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో, ప్రతికూలంగా ఉన్న ప్రేక్షకుల మధ్య, బెనర్జీ, జర్నైల్ చెరొక గోలు చేయగా భారత్ 2-1తో కొరియాను ఓడించింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం మరుసటి సంవత్సరం మరణించాడు.

వారసత్వం

1970 ఆసియా క్రీడలలో భారత్ కాంస్య పతకం పొందినా, 1962 తరువాత ఆ క్రీడల ఫుట్‌బాల్‌లో స్వర్ణం గెలవలేదు. 1960 తరువాత ఒలింపిక్ ఫుట్‌బాల్ పోటీలకు అర్హత పొందలేదు. రహీం జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో విడుదలయింది. ఇందులో రహీం పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.