ఇంటర్నెట్ టీవీ చందాను ప్లేయర్ యాప్‌కు అనుసంధానించుకోవడం ఎలా?
డాలీగంజ్ మొదలుకొని దీవుల్లోని తెలుగు కుటుంబాలకు ఉపయోగపడే వివరాలు

శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) పరిధిలోని డాలీగంజ్‌లోనూ, పరిసర ప్రాంతాల్లోనూ ఇంటర్నెట్ ద్వారా టెలివిజన్ చూడటం నేడు సాధ్యమవుతున్నదంటే అందుకు ప్రధాన కారణం సముద్రగర్భ కేబుల్. చెన్నైని అండమాన్ నికోబార్ దీవులతో కలిపే సుమారు 2,300 కిలోమీటర్ల ఈ ఆప్టికల్ ఫైబర్ మార్గానికి 2018 డిసెంబర్ 30న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2020 ఆగస్టు 10న ఆయనే దానిని జాతికి అంకితం చేశారు. అంతకుముందు దీవులు ప్రధానంగా ఉపగ్రహ సంబంధాల మీదనే ఆధారపడవలసి వచ్చేది. పరిమితమైన ఆ సామర్థ్యంతో ఎడతెగని దృశ్య ప్రసారం అందరికీ అందేది కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. సొంత భాషలో వార్తలు, సినిమాలు చూడాలన్న ఆకాంక్షతో ఇంటర్నెట్ టీవీ చందాలు తీసుకునేవారు ముందుగా కొన్ని విషయాలను తెలుసుకోవడం అవసరం.

చందా వేరు, ప్లేయర్ వేరు

ప్లేయర్ యాప్ రేడియో పెట్టె వంటిది. ప్రసారం లేనిదే పెట్టె మూగదే. వీఎల్‌సీ, కోడి వంటి యాప్‌లు తమంతట తాము ఏ ఛానల్‌నూ అందించవు. సేవా సంస్థ ఇచ్చే వివరాలను వాటిలో నమోదు చేసినప్పుడే ఛానళ్లు కనిపిస్తాయి. అయితే అన్ని సంస్థలూ ఈ పద్ధతిని అనుమతించవు. అనేక అధికారిక సేవలు తమ సొంత యాప్ ద్వారా మాత్రమే లభిస్తాయి. కనుక చందా చెల్లించే ముందే ఈ విషయాన్ని అడిగి తెలుసుకోవాలి.

సంస్థలు ఇచ్చే వివరాలు సాధారణంగా మూడు విధాలు:

1. ఎం3యూ అనే జాబితా చిరునామా. ఇందులో ఛానళ్ల పేర్లు, వాటి ప్రసార మార్గాలు ఉంటాయి.
2. సర్వర్ చిరునామా, యూజర్ నేమ్, పాస్‌వర్డ్.
3. తెరపై కనిపించే కోడ్ లేదా పరికరం సంఖ్య. దీనిని సంస్థ వెబ్‌సైట్‌లో నమోదు చేయాలి.

వీటితోపాటు కార్యక్రమాల పట్టిక కోసం మరొక చిరునామా ఇవ్వవచ్చు.

అనుసంధాన క్రమం

మొదట ఇంటర్నెట్ వేగాన్ని పరీక్షించుకోవాలి. సాధారణ నాణ్యతకు సెకనుకు 3 మెగాబిట్లు, హెచ్‌డీ ప్రసారానికి 5 నుంచి 8 మెగాబిట్ల వేగం నిలకడగా ఉండాలి. ఇంట్లో ఒకేసారి రెండు తెరలు నడిస్తే ఈ అవసరం రెట్టింపవుతుంది.

తరువాత టీవీలోని అధికారిక యాప్ స్టోర్ నుంచే ప్లేయర్‌ను స్థాపించుకోవాలి. యాప్ తెరిచి, జాబితాను జోడించే విభాగంలోకి వెళ్లి, తమకు అందిన వివరాల రకాన్ని ఎంచుకోవాలి. చిరునామాలో ఒక్క చుక్క తప్పినా జాబితా తెరుచుకోదు. చివర ఉండే పోర్టు సంఖ్యను కూడా వదలకుండా టైపు చేయాలి. వీఎల్‌సీలో నెట్‌వర్క్ స్ట్రీమ్ అనే చోట చిరునామాను ఇస్తే సరిపోతుంది. కోడిలో ఐపీటీవీ సింపుల్ క్లయింట్ అనే అదనపు భాగాన్ని ముందుగా చేర్చుకోవాలి.

దీవుల వారు కాలమానాన్ని ప్రత్యేకంగా గమనించాలి. భౌగోళికంగా అండమాన్ దీవులు మయన్మార్‌కు చేరువలో ఉన్నా, ఇక్కడ అమలయ్యేది భారత ప్రామాణిక కాలమే. పరికరంలో పొరపాటున యాంగోన్ కాలమానం ఎంపికైతే కార్యక్రమాల పట్టిక గంట తేడాతో కనిపిస్తుంది. కోల్‌కతా కాలమానాన్ని ఎంచుకుంటే సరిపోతుంది.

చిక్కులు ఎదురైతే

బొమ్మ తరచూ ఆగిపోతుంటే నాణ్యతను ఒక మెట్టు తగ్గించాలి. వీలుంటే వైఫైకి బదులు రౌటర్ నుంచి టీవీకి నేరుగా తీగ కలపడం మేలు. జాబితా ఖాళీగా కనిపిస్తే వివరాలు సరిగా ఉన్నాయో, చందా గడువు ముగిసిందో పరిశీలించాలి. ఒక టీవీలో ప్రసారం మొదలుకాగానే మరొక టీవీలో ఆగిపోతుంటే, చందా ఒక్క తెరకే పరిమితమై ఉండవచ్చు.

డేటా పరిమితిని కూడా మరువరాదు. సెకనుకు 5 మెగాబిట్ల ప్రసారం గంటకు 2.25 గిగాబైట్లను ఖర్చు చేస్తుంది. రోజుకు నాలుగు గంటలు చూస్తే నెలకు 270 గిగాబైట్లు అవుతుంది. మొబైల్ డేటాతో టీవీ చూసేవారికి ఇది భారమే.

మోసాల పట్ల జాగ్రత్త

వేల ఛానళ్లను నామమాత్రపు ధరకు ఇస్తామనే ప్రకటనలను నమ్మరాదు. రసీదు ఇవ్వకుండా, వ్యక్తిగత యూపీఐ ఖాతాకు ఏడాది సొమ్మును ఒకేసారి పంపమనడం ప్రమాద సూచన. అనుమతి లేని ప్రసారం ఏ రోజైనా నిలిచిపోవచ్చు. అప్పుడు సొమ్ము తిరిగి వచ్చే అవకాశం దాదాపు ఉండదు. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం అనుమతి లేకుండా ప్రసారాలను పంపిణీ చేయడం నేరం.

అనేక సందర్భాల్లో జాబితా చిరునామాలోనే యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇమిడి ఉంటాయి. దానిని వాట్సాప్ గ్రూపులో పంచుకోవడమంటే ఇంటి తాళంచెవిని పరుల చేతికి ఇవ్వడమే. ఇతర ఖాతాలకు, ముఖ్యంగా బ్యాంకు ఖాతాకు, వాడే పాస్‌వర్డ్‌ను ఇక్కడ వాడరాదు. సొమ్ము పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా ఫిర్యాదు అందితే సొమ్మును బ్యాంకులో నిలిపివేయడానికి అంత అవకాశం ఉంటుంది.

అధికారిక మార్గాలు

ప్రసార భారతి 2024 నవంబర్ 20న గోవాలో జరిగిన భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో వేవ్స్ అనే ఓటీటీ వేదికను ప్రారంభించింది. ఇందులో దూరదర్శన్ ఛానళ్లతోపాటు తెలుగు సహా పలు భాషల కార్యక్రమాలు లభిస్తాయి. దీనికి ఎం3యూ జాబితా అవసరం లేదు. యాప్‌ను స్థాపించుకుని ఖాతా తెరిస్తే చాలు. ఆకాశవాణి ప్రసారాలను న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో వినవచ్చు.

ఫైబర్ కనెక్షన్ ఉన్నవారి కోసం బీఎస్ఎన్ఎల్ 2024 అక్టోబర్‌లో ఐఎఫ్‌టీవీ సేవను ప్రకటించి, తొలుత మధ్యప్రదేశ్, తమిళనాడుల్లో ప్రారంభించింది. తమ వీధికి ఆ సేవ వర్తిస్తుందో లేదో స్థానిక కార్యాలయంలో విచారించిన తరువాతే సొమ్ము చెల్లించడం మంచిది.

తుపానుల వేళ కేబుల్‌కో, విద్యుత్తుకో అంతరాయం కలిగితే ఇంటర్నెట్ టీవీ పనిచేయదు. అందువల్ల వాతావరణ హెచ్చరికల కోసం బ్యాటరీతో నడిచే రేడియోను ఇంట్లో సిద్ధంగా ఉంచుకోవాలి.